నరసాపురం దగ్గర చిన్న కళాకేంద్రం: దసరా నుంచి ఏప్రిల్ దాకా ఏ నాటకం ఎప్పుడు వేయాలి?

అడిగింది క్లుప్తంగా: నరసాపురం దగ్గర ఒక చిన్న పట్టణంలో కాలవ గట్టున చాలాకాలం మూతపడి ఉన్న కళాకేంద్రాన్ని బాగుచేయించారు. మూడు వందల కుర్చీలు. దసరా వెళ్ళాక తెరుస్తారు. రాబోయే ప్రదర్శనలకు వేసుకున్న పట్టిక ఇదీ: నవంబరులో సురభి నాటక సమాజం వారి మాయాబజార్, డిసెంబరులో తెల్లవార్లూ కురుక్షేత్రం, సంక్రాంతికి చింతామణి, ఫిబ్రవరిలో ఒకే రాత్రి మూడు పరిషత్తు (నాటక పోటీల) నాటికలు, మార్చిలో పిల్లల నాటిక, ఏప్రిల్లో సత్య హరిశ్చంద్ర. అన్నిటికీ ప్రవేశం ఉచితం. ఇది నడుస్తుందా అని ప్రశ్న.

సమాధానం:

మీరు ఎంచుకున్న నాటకాలకు వంక పెట్టడానికి లేదు, ఒక్క చింతామణి సంగతి తప్ప. దాని గురించి కింద రాస్తాను. తేడా వచ్చింది నెలల దగ్గర. మీరు ముందు నాటకాలు అనుకుని, తర్వాత ఖాళీగా కనబడిన నెలల్లో వాటిని సర్దారు. మన డెల్టాలో అలా కుదరదండి. ఇక్కడ హాలు నిండేదీ నిండనిదీ నాటకం పేరు కన్నా ముందు పొలం పని, వాన, ఆఖరి బస్సు తేలుస్తాయి. సమాజాలను పిలిపించడం, పరిషత్తులు నడపడం చాలాకాలంగా చేస్తున్నవాణ్ణి కాబట్టి కాస్త గట్టిగానే చెబుతున్నాను. పట్టిక తిరగరాయండి.

నవంబరుతో మొదలుపెడదాం. అప్పటికి సార్వా (ఖరీఫ్ వరి) కోతలు. పట్టణంలో ఉన్నా మీ ప్రేక్షకుల్లో సగం మందికి పొలమో, కౌలో, ధాన్యం వ్యాపారమో, మిల్లుతో పనో ఉంటుంది. రోడ్డు వార ధాన్యం ఆరబోసుకుని, మబ్బు పట్టిందంటే టార్పాలిన్లు పట్టుకుని పరిగెత్తే రోజులవి. పైగా కార్తీకం. సోమవారాలు ఉపవాసాలు, ఆదివారాలు వనభోజనాలు, ఆడవాళ్ళు చీకటితో లేచి దీపాలు పెట్టుకుంటారు. రాత్రి తొమ్మిదింటికి మెలకువగా కూర్చునే ఓపిక ఎవరికుంటుంది? వీటన్నిటికీ మించి తుపాన్లు. 1996 నవంబరు 6 నాటి తుపాను చూసిన కోనసీమ వాళ్ళెవరూ నవంబరులో సెట్టింగుల లారీని రమ్మని ధైర్యంగా చెప్పరు. సురభి వారిని ఆ నెలలో పిలిచి, వాయుగుండం పడి ప్రదర్శన ఆగిపోతే రవాణా ఖర్చు మొత్తం మీ నెత్తిన పడుతుంది. మొదటి నెలలోనే సమితి చేతులెత్తేస్తుంది. నవంబరు నుంచి డిసెంబరు రెండో వారం దాకా ఏమీ పెట్టకండి. ఆ ఖాళీలో హాలు పనులు చూసుకోండి.

ప్రారంభోత్సవం మాత్రం దసరాకీ దీపావళికీ మధ్య ఒక శనివారం చేయండి. నవరాత్రి పందిళ్ళలో ఉచిత కార్యక్రమాలు అయిపోయి ఉంటాయి, కోతలు ఇంకా అందుకోవు. ఆ రోజుకు ఒక్క గంట నాటిక చాలు. కొత్త హాలు, కొత్త మైకు, కొత్త లైట్లు. ఏది పలుకుతుందో ఏది పలకదో తెలియని రోజున పెద్ద నాటకం పెట్టుకోకూడదు.

డిసెంబరులో తెల్లవార్లూ కురుక్షేత్రం అన్నారు. ఆ కోరిక ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు, నాకూ ఉంది. పద్యనాటక నటులు పీసపాటి, షణ్ముఖి పద్యాలు చెవులారా విన్న తరం ఇంకా ముందు వరసలో కూర్చుని ఉంది. ఆ పద్యాలు రాసిన తిరుపతి వేంకట కవుల్లో దివాకర్ల తిరుపతిశాస్త్రి గారిది భీమవరం దగ్గర యండగండి, చెళ్ళపిళ్ళ వారిది కడియం. ఆ పద్యాలు ఈ మట్టివే. అయినా తెల్లవార్లూ వద్దు.

రాత్రంతా నడిచే కురుక్షేత్రంలో మొదటి కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు అని సీనుకో నటుడు ఉంటాడు. పడక సీను (నిద్రపోతున్న కృష్ణుడి దగ్గరకు అర్జునుడు, దుర్యోధనుడు వచ్చేది) ఒకరు, రాయబారం ఒకరు. కాంట్రాక్టరు ప్రతి ఒక్కరికీ విడివిడిగా మాట్లాడతాడు, ప్రతి ఒక్కరూ తన వంతులో తన రాగం పూర్తిగా చూపించాలనుకుంటారు. అది తప్పు కాదు, ఆ పద్ధతే అంత. కానీ రాత్రి రెండు దాటాక మీ హాల్లో మిగిలేది పాతిక మంది పెద్దవాళ్ళూ, బయట బస్సు లేక ఉండిపోయిన వాళ్ళూ. అవతల సఖినేటిపల్లి వైపు నుంచి పంటు (గోదావరి దాటించే పడవ) మీద వచ్చే వాళ్ళయితే తిరుగు పంటు వేళ చూసుకుని ముందే లేచిపోతారు. ఇంకోటి, 2000 నాటి ధ్వని కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పదింటి నుంచి ఉదయం ఆరింటి దాకా బయట లౌడ్‌స్పీకరు పనికిరాదు. తలుపులు మూసిన హాలు లోపల లోపలివాళ్ళ కోసం మైకు వాడుకోవచ్చు. బయట గేటు మీద హారను కట్టారంటే మాత్రం ఇబ్బందే. పండగ రోజులకు అర్ధరాత్రి దాకా సడలింపు రాష్ట్ర ప్రభుత్వం ఇవ్వచ్చు, అదీ ఏడాదికి 15 రోజులు మించకుండా.

అందుకని కురుక్షేత్రం నుంచి పడక సీను, రాయబారం ఈ రెండే తీసుకోండి. రెండున్నర గంటలు. ఇది వేయాల్సిన రోజు డిసెంబరులో కాదు, కనుమ నాడు.

ఎందుకంటే కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కదా. హైదరాబాదు, బెంగళూరు, అమెరికా నుంచి వచ్చిన వాళ్ళంతా ఆ రోజు ప్రయాణం పెట్టుకోరు. మర్నాటి నుంచి బస్సులు కిటకిటలాడతాయి, ఊరు ఖాళీ అవుతుంది. భోగి, సంక్రాంతి పగళ్ళు చుట్టాలతోనూ పిండివంటలతోనూ అయిపోతాయి. మగవాళ్ళలో కొందరు కోడిపందేల బరుల దగ్గర ఉంటారు, నిజమే. కానీ ఇంట్లో అమ్మమ్మ, కూతుళ్ళు, మనవలు సాయంత్రం ఆరింటికి ఏం చేయాలో తెలియక టీవీ ముందు కూర్చుని ఉంటారు. వాళ్ళు మీ ప్రేక్షకులు. మూడు తరాలు పక్కపక్క కుర్చీల్లో కూర్చునే సాయంత్రం ఏడాదిలో అదొక్కటే. బయట చదువుకుంటున్న పిల్లలకు పద్యం చెవికి అందదు కాబట్టి, ఆ రోజు పాడబోయే పద్యాల్లో ముఖ్యమైనవి పది ఎంచి, తాత్పర్యంతో ఒక కాగితం మీద అచ్చు వేయించి గేటు దగ్గర ఇవ్వండి. అలా ఇచ్చిన చోట నేను గమనించాను, వెనక వరస పిల్లలు సెల్లు వెలుగులో ఆ కాగితం చూసుకుంటూ నటుడితో పాటు పద్యం చివరి పాదం అందుకుంటారు. తాత రాగం తీస్తుంటే మనవడు కాగితం చూసి మాట అందిస్తాడు.

డిసెంబరు మూడో వారంలో పిల్లల నాటిక పెట్టండి. మీరు మార్చి అన్నారు. మార్చిలో ఇంటరు, పదో తరగతి పరీక్షలు. రిహార్సలుకు ఒక్కరినీ పంపరు. డిసెంబరులో పంపుతారు, సంక్రాంతి సెలవులకు ముందు బళ్ళలో కాస్త తీరుబడి కూడా ఉంటుంది. పాత్రలు ఎక్కువ ఉన్నది తీసుకోండి. స్టేజీ మీద ఇరవై మంది పిల్లలుంటే కుర్చీల్లో వాళ్ళ అమ్మానాన్నలూ, నానమ్మలూ, పక్కింటి వాళ్ళూ ఉంటారు. నలభై నిమిషాలు దాటనివ్వకండి.

ఇక చింతామణి. కాళ్ళకూరి నారాయణరావు గారిది వీరవాసరం దగ్గర మత్స్యపురి, మీకు కూతవేటు దూరం. ఆయన నాటకం వేయాలనుకోవడం సహజమే. కానీ 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఆ నాటక ప్రదర్శనను నిషేధించింది. ఒక సామాజిక వర్గాన్ని కించపరిచేలా ఉందన్న ఫిర్యాదు మీద. తర్వాత విషయం హైకోర్టుకెక్కింది. దశాబ్దాల తరబడి సుబ్బిశెట్టి పాత్రకు ఎవరికి తోచిన బూతు వాళ్ళు కలుపుకుంటూ పోవడం వల్ల, వేశ్యాలోలత్వానికి వ్యతిరేకంగా రాసిన నాటకం ఆ స్థితికి వచ్చిందని నా అభిప్రాయం. మూలం చదివితే తెలుస్తుంది. ఏదేమైనా, కొత్తగా తెరుస్తున్న హాలు మీద మొదటి ఏడాదే పోలీసు కాగితం పడకూడదు. ఆయనదే వరవిక్రయం ఉంది, వరకట్నం మీద. కట్నాల లెక్కలు ఇప్పటికీ ఎకరాల్లో, బంగారంలో మాట్లాడుకునే మన జిల్లాలో ఆ నాటకానికి ఈనాటికీ పదును తగ్గలేదు. దాన్ని ఊరివాళ్ళ చేత వేయించండి. ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం గారి జయంతి, తెలుగు నాటకరంగ దినోత్సవం. 1880లో ఆయన రాజమహేంద్రవరంలో తన శిష్యుల చేత నాటకం వేయించిన చరిత్ర ఉంది కాబట్టి, గోదావరి జిల్లాల్లో ఆ రోజున సొంత ఊరి నటులతో సంఘ సంస్కరణ నాటకం వేయడం ఎంతో సబబు. అప్పటికి దాళ్వా (రబీ వరి) కోతలు మొదలవుతాయి, ఎండ కూడా ముదురుతుంది. అయినా ఊరి పిల్లలు, టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు వేషం కట్టిన నాటకానికి ఊరు వస్తుంది. కోత ఇప్పుడు యంత్రాలతో చకచకా అయిపోతోంది కూడా. రాత్రి ఏడున్నరకు తెర ఎత్తండి, ఆరింటికే తలుపులు, కిటికీలు తీసి హాలు చల్లబడనివ్వండి.

మీకు బంగారం లాంటి నెల ఫిబ్రవరి. దాళ్వా ఊడ్పులు అయిపోయి ఉంటాయి, వాన లేదు, ఎండ లేదు, పిల్లలు ఇంకా పరీక్షల్లో పూర్తిగా మునగలేదు. అందులో రెండు ప్రదర్శనలు పెట్టండి. మొదటి శనివారం పరిషత్తు నాటికలు. మూడు కాదు, రెండు. పరిషత్తులో రాత్రికి మూడు వేస్తారు, ఎందుకంటే అక్కడ పోటీ, న్యాయనిర్ణేతలు, బయటి ఊళ్ళ నుంచి వచ్చిన నాటకప్రియులు ఉంటారు. మీ ఊళ్ళో మామూలు జనానికి రెండు నాటికల మధ్య సెట్టింగు మార్చే ఇరవై నిమిషాలే భారం. ఆ ఇరవై నిమిషాల్లో టీ ఇవ్వండి, బయటకు వెళ్ళనివ్వకండి. ఒకటి ఏడిపించేది అయితే రెండోది నవ్వించేది ఉండాలి, ఏడిపించేది ముందు పెట్టాలి. నాటికలను కాగితం మీద చూసి ఎంచుకోవద్దు. చుట్టుపక్కల పరిషత్తులు ఎక్కడ జరిగితే అక్కడికి మీ సమితి నుంచి ఇద్దరు వెళ్ళి కూర్చుని చూడండి. బహుమతి వచ్చిన ప్రతి నాటికా మీ ఊరికి నప్పదు.

నెలాఖరులో శుక్ర, శని, ఆదివారాలు మూడు రాత్రులు సురభి. ఒక్క రాత్రికి వాళ్ళను పిలవడం వాళ్ళకూ నష్టమే, మీకూ నష్టమే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ కుటుంబాల నాటకం అంటే తెరల మీద తెరలు, గాలిలో ఎగిరే నారదుడు, నిప్పులు కక్కే బాణాలు, కళ్ళముందే పెరిగిపోయే ఘటోత్కచుడు. ఆ తెరలు కట్టడానికే ఒక రోజు పడుతుంది. అంత కష్టపడి కట్టినదాని మీద ఒకే ఒక్క ప్రదర్శన వేసి విప్పుకోమంటే ఎలా? మాయాబజార్ శనివారం పెట్టండి, మిగతా రెండూ వాళ్ళు చెప్పినవి తీసుకోండి. ఆడవాళ్ళూ చిన్నపిల్లలతో సహా కుటుంబాలుగా వస్తారు కాబట్టి బస ఇళ్ళలాంటి చోట ఉండాలి, స్నానాల గదులు విడిగా ఉండాలి. ఏ కళ్యాణమండపమో మాట్లాడండి. భీమవరంలో మావుళ్ళమ్మ వారి ఉత్సవాలు సంక్రాంతికి మొదలై వారాల తరబడి నడుస్తాయి, నాటక సమాజాలు చాలా ఆ రోజుల్లో ఇటువైపే ఉంటాయి. అక్కడికి వచ్చిన సమాజాన్ని మీరు కూడా అందుకుంటే రవాణా ఖర్చు కలిసొస్తుంది. సురభికనే కాదు, నాటికలకూ పద్యనాటకానికీ కూడా ఈ లెక్క వేసుకోండి.

హరిశ్చంద్రను మార్చి రెండో శనివారానికి తెచ్చుకోండి, కాటిసీను ఒక్కటే. డి.వి. సుబ్బారావు గారి గొంతులో ఆ సీను ఊరూరా మోగింది, పెద్దవాళ్ళు దాని కోసం వస్తారు. పరీక్షల నెల కాబట్టి పిల్లలున్న ఇళ్ళ వాళ్ళు రారు, ఆ రోజు పెద్దవాళ్ళదే అనుకోండి. ఇక్కడ ఒక చిక్కు చాలామందికి తెలియదు. రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ళ దాకా మన దేశంలో కాపీరైటు ఉంటుంది. సత్య హరిశ్చంద్ర రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు 1953లో పోయారు, కాబట్టి ఆయన నాటకం ఎవరైనా వేసుకోవచ్చు. తిరుపతి వేంకట కవులు, చిలకమర్తి, కాళ్ళకూరి కూడా అంతే. కానీ కాటిసీనులో మనవాళ్ళు పాడే శ్మశాన పద్యాలు జాషువా గారివి. ఆయన 1971లో పోయారు. అంటే 2031 చివరి దాకా హక్కు వారసులదే. ఔత్సాహిక సమాజం టిక్కెట్టు లేకుండా వేస్తే చట్టం మినహాయింపు ఇస్తుంది. టిక్కెట్టు పెట్టారంటే అనుమతి అడగాలి. పరిషత్తు నాటికలు రాసినవాళ్ళు ఇప్పుడున్న రచయితలే. వాళ్ళకు ఫోను చేసి, పారితోషికం ఎంతో కొంత ఇచ్చి, పోస్టరు మీద పేరు వేయండి. నటుల పేర్లు పెద్దక్షరాల్లో వేసి రచయితను వదిలేసే అలవాటు మన దగ్గర పాతది, మీరైనా మానండి.

ఉచితం అన్నారు. కాటిసీను ఒక్కటి ఉచితంగా ఉంచి, మిగతావాటికి టిక్కెట్టు పెట్టమని నా సలహా. యాభై రూపాయలు చాలు, పన్నెండేళ్ళ లోపు పిల్లలకు వద్దు. డబ్బు కోసమే కాదు. టిక్కెట్టు కొన్నవాడు వేళకు వస్తాడు, చివరిదాకా కూర్చుంటాడు. నాటక ప్రదర్శనకు మనిషికి 500 రూపాయల లోపు టిక్కెట్టుకు జీఎస్టీ లేదు, ఆ భయం పెట్టుకోకండి. మొత్తం ప్రదర్శనలకు కలిపి ఇంటికో కార్డు అమ్మండి. ఊళ్ళో కిరాణా, మందుల షాపు, రైసుమిల్లు వాళ్ళను ఒక్కొక్క ప్రదర్శనకు ఒక్కొక్కరిని చూసుకోమంటే కాదనరు. వాళ్ళ పేరు పోస్టరు మీద వేయండి, స్టేజీ మీదకు మాత్రం పిలవకండి.

ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మన ఊళ్ళలో నాటకానికి వానకన్నా, సినిమాకన్నా ఎక్కువ చెరుపు చేసింది సన్మానాలు. సీనుకూ సీనుకూ మధ్య తెర దించి, జ్యోతి ప్రజ్వలన, దాత గారికి శాలువా, దాత గారి బావమరిదికి జ్ఞాపిక, తర్వాత నాలుగు మాటలు. ఆ సమయంలో ఒక్కసారి వింగు పక్కకు వెళ్ళి చూడండి. రంగు పూసుకుని, కిరీటం కట్టుకుని, భుజకీర్తులు బిగించుకున్న కృష్ణుడు ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చుని ఉంటాడు. వెనక్కి ఆనితే కిరీటం ముడి జారుతుంది. నీళ్ళు తాగితే పెదవి రంగు పోతుంది. చెమటకు నీలం మెడ మీదకు దిగుతుంటే మేకప్ ఆయన తువ్వాలుతో అద్దుతూ ఉంటాడు. హార్మోనియం ఆయన శ్రుతి పట్టి, నటుడు గొంతులోనే రాగం అనుకుని సిద్ధంగా ఉన్న క్షణంలో మైకు అవతలివాళ్ళ చేతికి పోతుంది. అరగంట తర్వాత తెర లేస్తే మొదటి పద్యం ఎత్తుగడ చల్లబడిపోయి ఉంటుంది. పద్యనాటకంలో ఆ ఎత్తుగడ పోతే సీను మళ్ళీ నిలబడటం కష్టం. సభ పెట్టాలనుకుంటే ఆరున్నరకు పెట్టి ఏడు లోపల ముగించండి. ఏడింటికి తెర. సభకు పెద్దలు ఆలస్యంగా వస్తే నాటకం అయ్యాక సన్మానం చేయండి. ఈ ఒక్క మాట సమితి తీర్మానాల పుస్తకంలో రాసుకుని అందరి చేతా సంతకాలు పెట్టించండి. ఒత్తిడి తప్పకుండా వస్తుంది, అప్పుడు ఆ పుస్తకం చూపించచ్చు.

పోస్టరు మీద ఏడింటికి అని వేస్తే ఏడింటికే తెర లేవాలి, ముప్ఫై మందే ఉన్నా సరే. మొదటి రెండు ప్రదర్శనలకు బాధగా ఉంటుంది, మూడో దానికి జనం ఆరూ ముప్పావుకే వస్తారు. మొదలయ్యే వేళతో పాటు ముగిసే వేళ కూడా వేయండి. 'రాత్రి 9.30కి ముగింపు' అన్న ఒక్క వాక్యం వల్ల ఆడవాళ్ళు వస్తారు. పల్లెలకు ఆఖరి బస్సు ఎన్నింటికో డిపోలో కనుక్కుని దానికి పావుగంట ముందు ముగిసేలా చూసుకోండి, లేదా నాలుగు ఆటోల వాళ్ళతో మాట్లాడి ఆ రాత్రి గేటు దగ్గర ఉండమనండి. ప్రచారానికి ఫ్లెక్సీలు తగ్గించి, ముందు రోజూ ఆ రోజూ ఆటోకు మైకు కట్టి తిప్పండి. మన దగ్గర ఇప్పటికీ అదే పనిచేస్తుంది. వాట్సాప్‌లో పోస్టరు కన్నా నటుడు ఒక పద్యం పాడిన ముప్ఫై సెకన్ల వీడియో పంపండి.

దోమల సంగతి తేలిగ్గా తీసుకోకండి. కాలవ గట్టున హాలు అన్నారు. సాయంత్రం నాలుగింటికే కిటికీలకు మెష్ ఉందో లేదో చూసి, వేపాకు పొగ వేసి తలుపులు మూసి, ఆరింటికి పొగ పోయేలా తెరవండి. ఏప్రిల్లో హాలు చల్లార్చడానికి ఎలాగూ తెరుస్తారు, ఆ రోజు మెష్ మీదే ఆధారపడాలి. పొగ వాసన మిగిలితే పాడే వాళ్ళ గొంతు పట్టేస్తుంది. సీలింగు ఫ్యాన్లు టకటకలాడితే పద్యం మధ్యలో వినపడుతుంది, ఇప్పుడే నూనె వేయించండి. జనరేటరు హాలుకు దూరంగా, గోడ అవతల ఉండాలి. ఆడవాళ్ళ మరుగుదొడ్డి శుభ్రంగా లేకపోతే పైన రాసినవన్నీ చేసినా రెండోసారి రారు.

ఈ వారం ఒక పని చేయండి. టేపు పట్టుకుని స్టేజీ వెడల్పు, లోతు, నేల నుంచి దూలం దాకా ఎత్తు కొలవండి. పైకప్పు స్లాబా, రేకులా, దూలాలు ఇనుమువా, కర్రవా అన్నది రాయండి. రేకుల కప్పు కింద పాత కర్ర దూలానికి మనిషి వేలాడే తీగ కట్టనివ్వకూడదు, ఇంజినీరు చూసి సరేనంటే తప్ప. సురభి వాళ్ళు మొదట అడిగేది ఈ కొలతలే. అవి ఇక్కడ పెడితే మూడు రాత్రులూ మీ స్టేజీ మీద ఏవి పడతాయో, ఏవి పట్టవో చూసి చెబుతాను.